దొడ్డు బియ్యం, సన్న బియ్యం, మధ్యలో పరువు

2025 ఏప్రిల్‌లో తెలంగాణ రేషన్ దుకాణాల్లో దొడ్డు బియ్యం పోయి సన్న బియ్యం వచ్చాయి. అంతకు ముందు మనిషికి నెలకు ఆరు కిలోలు, ఇప్పుడూ ఆరు కిలోలే. అప్పుడూ పైసా కట్టే పని లేదు, ఇప్పుడూ లేదు. కడుపు లెక్కన చూస్తే మారిందేమీ లేదు. అయినా వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో ఏళ్ల తరబడి కంట్రోల్ దుకాణం ముఖం చూడని ఇళ్లవాళ్లు కూడా సంచులు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. అప్పటిదాకా వాళ్ల కోటా కిలో పది, పదిహేను రూపాయల లెక్కన ఊరి మీదికి వచ్చే ఆటోవాళ్లకు పోయేది. లేదంటే దోసె పిండికి, కోళ్ల మేతకు.

దొడ్డు బియ్యంలో బలం తక్కువని ఎవరూ అనరు. ఎండలో పని చేసేవాళ్లకు అదే కడుపులో నిలుస్తుందని కోరి వండుకునే ఇళ్లూ ఉన్నాయి. ఇబ్బందల్లా చుట్టం వచ్చినప్పుడే. పిల్లను చూడడానికి వచ్చినవాళ్లకో, బిడ్డ అత్తగారి తరఫు వాళ్లకో కంట్రోల్ బియ్యం వండి పెడితే ఆ మాట పది ఊళ్లు తిరుగుతుంది. అందుకే కిరాణా దుకాణంలో ఖాతా రాయించి రెండు కిలోల సన్న బియ్యం తెచ్చి విడిగా వండేవాళ్లు. నెలంతా ఇంటివాళ్లు ఏం తిన్నా, ఆ పూటకు మాత్రం అన్నం మెతుకు మెతుకుగా సన్నగా ఉండాలి.

పేదల కోసం వచ్చే ప్రతి పథకమూ రెండు పనులు చేస్తుంది. డబ్బో గింజలో ఇస్తుంది. దాంతోపాటు తీసుకున్న మనిషి నలుగురిలో ఎక్కడ నిలబడతాడో కూడా తేల్చేస్తుంది. మొదటిది జీవోలో ఉంటుంది, బడ్జెట్‌లో ఉంటుంది, అసెంబ్లీలో దాని మీద కొట్లాటలు జరుగుతాయి. రెండోదాన్ని రాసేవాళ్లు ఉండరు. కానీ ఓటు వేసేటప్పుడు కూడా చాలామందికి గుర్తుండేది రెండోదే.

అన్నం సంగతే కాస్త వెనక్కి వెళ్లి చూడాలి. కాకతీయులు తవ్వించిన పాఖాల, రామప్ప, లక్నవరం చెరువుల కింద తరి భూమి, అంటే నీళ్లు పారే భూమి, ఉన్నవాళ్లకు వరి అన్నం ఉండేది. వాన మీదే ఆధారపడే ఖుష్కి భూములవాళ్లకు, భూమే లేనివాళ్లకు జొన్న గట్క, మక్క గట్క, జొన్న రొట్టె. తెల్లన్నం పండుగకో పబ్బానికో, లేదంటే దొర ఇంట్లో పెళ్లికి. ఎవరి ఇంట్లో ఏం ఉడుకుతోందో తెలిస్తే వాళ్లకు ఎంత భూమి ఉందో, ఏ కులమో చాలావరకు తెలిసిపోయే రోజులవి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చినప్పుడు జరిగింది ఆకలి తగ్గడం ఒక్కటే కాదు. పండుగ తిండి రోజువారీ తిండి అయింది. దొర ఇంట్లో ఉడికేదే పాలేరు ఇంట్లోనూ ఉడికింది. ఆ పథకానికి జనం మనసులో ఇప్పటికీ ఉన్న చోటుకు కారణం ధర కన్నా ఇదే ఎక్కువ.

అయితే అందరి ఇంట్లో అన్నం ఉడకడం మొదలయ్యాక తేడా చూపించే గీత కొంచెం పైకి జరిగింది. ఎవరు అన్నం తింటున్నారన్నది పోయి ఎవరు ఏ అన్నం తింటున్నారన్నది వచ్చింది. బీపీటీ, హెచ్‌ఎంటీ, జై శ్రీరాం లాంటి సన్న రకాలు ఒకవైపు, కంట్రోల్ దొడ్డు బియ్యం ఇంకోవైపు. సిగ్గుపడకుండా నలుగురిలో మసలగలగడం అనేది ఎక్కడైనా మనిషికి కావలసిందే అని, దానికి పట్టే సరుకులు మాత్రం ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారతాయని ఆర్థికవేత్త అమర్త్య సేన్ ఒక వ్యాసంలో వాదించారు. ఆయన ఆ వ్యాసం అచ్చయింది కూడా 1983లోనే కావడం యాదృచ్ఛికం. గీత ఇంకా జరుగుతూనే ఉంది. ఇప్పుడు హనుమకొండలో సాయంత్రం పూట కార్లు ఆగేది జొన్న రొట్టెల బండ్ల దగ్గర. అంతా షుగర్ మహిమ.

బియ్యానికి అంటిన చిన్నతనం కార్డుకు అంటలేదు. ఇది గమనించాల్సిన విషయం. 2017లో రాజస్థాన్‌లోని దౌసా జిల్లాలో రేషన్ తీసుకునే ఇళ్ల గోడల మీద మేము పేదవాళ్లం, ఆహార భద్రత చట్టం కింద రేషన్ తీసుకుంటున్నాం అని రంగుతో రాయించారు. దేశమంతా దుమారం లేచింది. అనర్హులు సిగ్గుపడి తప్పుకుంటారన్నది అక్కడి అధికారుల ఆలోచన. తెలంగాణలో అలాంటి రాత రాయిస్తే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు: మా గోడ మీద ఎందుకు రాయలేదని పంచాయతీ ఆఫీసు ముందు ధర్నా జరిగేది. ఇది వెటకారం కాదు. ఇక్కడ తెల్ల కార్డు ఉంటే 2007 నుంచి ఆరోగ్యశ్రీ, ఆడపిల్ల పెళ్లికి కల్యాణలక్ష్మి, ఇప్పుడు 200 యూనిట్ల లోపు కరెంటుకు జీరో బిల్లు, 500 రూపాయల గ్యాస్. రాష్ట్రంలో 90 లక్షలకు పైగా కుటుంబాల చేతిలో కార్డు ఉన్నప్పుడు అది పేదవాడి గుర్తు కాకుండా పోతుంది. మందిలో చాలామందికి ఉన్నదాన్ని పట్టుకుని ఎవరు ఎవర్ని చిన్నచూపు చూస్తారు?

అందుకే ఇక్కడ అవమానం కార్డు లేకపోవడంలో ఉంది. దాదాపు పదేళ్ల పాటు పెద్ద ఎత్తున కొత్త కార్డులు రాలేదు. పెళ్లయి వచ్చిన కోడలి పేరు పుట్టింటి కార్డులోనే ఉండిపోయింది. అన్నదమ్ములు వేరుపడి, పొయ్యి వేరై, ఇంటి నంబర్ వేరైనా కాగితాల్లో తండ్రి కిందే ఉన్నారు. ఊరు వాళ్లను ఒక సంసారంగా ఒప్పుకుంది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. మరోవైపు ఉన్న కార్డులు కూడా 2016 నుంచి రద్దవుతూ వచ్చాయి. రకరకాల ప్రభుత్వ రికార్డులను కంప్యూటర్‌లో జోడించి, ఫలానా వాళ్లకు కారు ఉంది, ఫలానా వాళ్లకు భూమి ఎక్కువ ఉంది అని తీసేసిన వాటిలో తప్పులు దొర్లాయి. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఎన్నడూ కారెక్కని మనిషి తనకు కారు లేదని నిరూపించుకోవాలి. లేనిదాన్ని లేదని చూపించే కాగితం ఏ ఆఫీసులో ఇస్తారు? ఒకప్పుడు పట్వారీ పేరు కొట్టేస్తే ఇంటికి పోయి నిలదీసే వీలైనా ఉండేది.

పింఛన్ల దగ్గరికి వస్తే ఇదే సంగతి ఇంకా లోతుగా కనిపిస్తుంది. 2014 నవంబర్‌లో ఆసరా పేరుతో వృద్ధులకు, వితంతువులకు నెలకు 1,000 రూపాయలు మొదలై 2019లో 2,016 అయింది. మందుబిళ్లలకు, చాయ్ పొడికి, మనవడి చేతిలో పది రూపాయలు పెట్టడానికి సరిపోయే మొత్తం. ఆ పది రూపాయల విలువ చిన్నది కాదు. కొడుకు దగ్గర చెయ్యి చాపే ముసలావిడకూ, కోడలు అడిగితే కూరగాయలకు వంద తీసి ఇచ్చే ముసలావిడకూ ఒకే ఇంట్లో దక్కే మాట వేరు. కానీ వృద్ధాప్య పింఛన్ ఇంటికి ఒక్కరికే అన్న నిబంధనతో, ముసలాయనకు వస్తే ముసలమ్మకు రాదు. ఆయన చనిపోతే గానీ ఆమె పేరు మీద డబ్బు రాదు.

2017లో ఒంటరి మహిళలకు కూడా పింఛన్ ఇచ్చారు. దేశంలో చాలా రాష్ట్రాలు పట్టించుకోని వాళ్లను పట్టించుకున్న మంచి పథకం, అందులో అనుమానం లేదు. దరఖాస్తు మాత్రం ఆమె దాచుకున్న దాన్నే అడుగుతుంది. భర్త వదిలేసి ఏడాది దాటిందని, లేదా ఊళ్లో అయితే 30, పట్నంలో అయితే 35 ఏళ్లు దాటినా పెళ్లి కాలేదని రాసి ఇవ్వాలి. పంచాయతీ సెక్రటరీ విచారణకు వస్తాడు. పక్కింటివాళ్లను అడుగుతాడు. మొగుడు దుబాయిలో ఉన్నాడని పదేళ్లుగా చెప్పుకుంటూ వస్తున్న మనిషి, అతను ఇంక రాడని, ఇడిసిపెట్టి పోయిండని, ఊరి ముందు ఒప్పుకుంటే గానీ ఆ డబ్బు రాదు. కొందరు ఒప్పుకున్నారు, ఆ తర్వాత తల ఎత్తుకునే తిరిగారు. దరఖాస్తే పెట్టనివాళ్లు ఏ లెక్కలోనూ ఉండరు.

పక్కనే బీడీ కార్మికుల పింఛన్ పెట్టి చూడాలి. సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల్లో లక్షల మంది ఆడవాళ్లు బీడీలు చుట్టి సంసారాలు నెట్టుకొచ్చారు. వాళ్లకు పీఎఫ్ ఖాతా ఆధారంగా అంతే మొత్తం, నెలకు 2,016 రూపాయలు. ఆమె చూపించాల్సింది ఇన్నేళ్లు పని చేశానన్న రుజువు. ఇద్దరికీ ముట్టేది ఒకటే. ఒకామె తన కష్టాన్ని చూపించి తీసుకుంటుంది, ఇంకొకామె తన గాయాన్ని చూపించి తీసుకుంటుంది. ఈ తేడా డబ్బు కన్నా పెద్దదని కెన్యా రాజధాని నైరోబీ బస్తీల్లో జరిగిన ఒక పరిశోధన కూడా చెబుతోంది. 2020లో అచ్చయిన ఆ పరిశోధనలో అందరికీ ఒకే మొత్తం ఇచ్చి, చెప్పే మాట మాత్రం మార్చారు. కొందరికి ఇది పేదరికం తగ్గించడానికి అన్నారు, కొందరికి మీరు అనుకున్నవి సాధించుకోవడానికి, మీవాళ్లతో కలిసి ఎదగడానికి అన్నారు. రెండో రకం మాట విన్నవాళ్లలో తమ మీద తమకు నమ్మకం ఎక్కువగా కనిపించింది. వ్యాపార మెలకువలు నేర్పే వీడియోలు చూడడానికి కూడా వాళ్లే ఎక్కువగా ముందుకొచ్చారు.

మాట సంగతి ఇక్కడి నాయకులకు పరిశోధకుల కన్నా ముందే తెలుసు. పింఛన్ ఇచ్చే ముఖ్యమంత్రిని పెద్దకొడుకు అనడం ఆసరా రోజుల్లో ఎన్నికల సభల్లో మామూలైపోయింది. బిచ్చం అనిపించకుండా ఉండడానికి అంతకంటే తెలివైన మాట దొరకదు. కొడుకు పెడితే తినడంలో సిగ్గేముంది? కాకపోతే కొడుకు పెట్టకపోతే కోర్టుకు పోయే తల్లి కూడా ఉండదు. చుట్టరికం పరువు కాపాడుతుంది, హక్కును మాత్రం పక్కకు నెడుతుంది. కల్యాణలక్ష్మి చెక్కుల పంపిణీలో ఇది కళ్లకు కడుతుంది. పెళ్లయి నెలలు గడిచాక, అప్పుకు వడ్డీ పెరిగాక, మండల ఆఫీసు దగ్గర టెంటు కింద తల్లులు పొద్దుటి నుంచి కూర్చుంటారు. ఎమ్మెల్యే మధ్యాహ్నం వస్తారు. 1,00,116 రూపాయల చెక్కును ఇద్దరూ చెరో చివర పట్టుకుని కెమెరా వైపు చూడాలి. అది బ్యాంకు ఖాతాలో నేరుగా పడితే ఒక్క రూపాయి తగ్గదు, ఫొటో ఒక్కటే పోతుంది.

ఎవరి ముందు నిలబడాలి అన్నదానికి వరంగల్ ప్రాంతంలో ఉన్నంత బరువు ఇంకెక్కడైనా ఉందా అనిపిస్తుంది. దొరల ముందు వంగి నీ బాంచెన్ కాల్మొక్తా అనే పలకరింపు నుంచి బయటపడడానికి ఇక్కడ రక్తం చిందింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచింది పంట కోసం, భూమి కోసమే. అయినా జనం ఇప్పటికీ చెప్పుకునేది ఆమె తల వంచలేదన్న సంగతే. 1978లో రైతు కూలీల జగిత్యాల జైత్రయాత్ర నాటికి కూడా వెట్టి పూర్తిగా పోలేదు. ఈ నేపథ్యంలో 2006 ఫిబ్రవరిలో మొదటి విడతగా 200 జిల్లాల్లో మొదలైన ఉపాధి హామీ, అందులో వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ ఉండడం, ఊళ్లో కూలికి కొత్త చోటు చూపించింది. జనం దాన్ని కరువు పని అన్నారు. చెరువు పూడిక, కాలువ గట్టు, ఎండ, గడ్డపార: పని సుఖమైనదేమీ కాదు. కానీ ఆసామి వాకిట్లో నిలబడి పని ఉందా అని అడిగే పని లేదు. ఆడామగా కూలి ఒకటే. డబ్బు ఖాతాలో పడుతుంది. సామాజిక తనిఖీ జరిగిన రోజు ప్రజావేదికలో మస్టర్, అంటే కూలీల హాజరు పట్టీ, చదువుతుంటే, నేను చేయని రోజులు ఎట్ల రాసినవ్ అని మైకులో అడిగే ఆడమనిషి, జవాబు చెప్పలేక నిలబడ్డ ఫీల్డ్ అసిస్టెంట్. తిన్న డబ్బు ఎంతవరకు తిరిగి వసూలైందన్నది వేరే చర్చ. సంతకం పెట్టేవాడు సంజాయిషీ చెప్పడమన్నది ఆ ఊళ్లకు కొత్త. కూలి దొరకడం లేదని పెద్ద రైతులు ఈ పథకాన్ని తిట్టుకోవడానికి కారణం రేట్లు పెరగడం ఒక్కటే అయితే ఆ తిట్లలో అంత కసి ఉండేది కాదు.

అదే రైతుకు ప్రభుత్వం డబ్బిచ్చిన తీరు చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలైంది. ఎకరానికి సీజన్‌కు 4,000 రూపాయలు, తర్వాత 5,000. ఎకరాలకు పరిమితి లేదు. సాగు చేస్తున్నావా అని అడిగిందీ లేదు. ఊళ్లో పొలం కౌలుకిచ్చి హనుమకొండలో డాక్టరో, వ్యాపారో అయిన పట్టాదారుకూ పడింది. దాన్ని పెట్టుబడి సాయం అన్నారు కాబట్టి తీసుకోవడంలో ఎవరికీ మొహమాటం లేదు. వద్దనుకున్నవాళ్లు వెనక్కి ఇవ్వొచ్చన్నారు. ఇచ్చినవాళ్లకు పత్రికల్లో పేరొచ్చింది. తీసుకుంటే సాయం, వదులుకుంటే త్యాగం, రెండు విధాలా గౌరవమే. అదే భూమిలో పత్తి, మిర్చి పండించి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తెచ్చే కౌలు రైతుకు మాత్రం పాస్‌బుక్ లేదు కాబట్టి ఏమీ లేదు. ఊరంతా అతన్ని రైతు అంటుంది, రికార్డు అనదు.

2025 జనవరి 26న, రైతుబంధు స్థానంలో వచ్చిన రైతు భరోసాతో పాటే భూమి లేని కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కూడా మొదలైంది. ఏడాదికి 12,000 రూపాయలు. భూమి లేనివాళ్లకు భూమి ఉన్నవాళ్లతో సమానంగా ఒక పథకం రావడం చిన్న విషయం కాదు. షరతు మాత్రం ఉంది: 2023–24లో కనీసం 20 రోజులు ఉపాధి హామీ పని చేసి ఉండాలి. పట్టాదారు కష్టపడ్డాడా అని అడగని ప్రభుత్వం కూలీని అడిగింది. దొంగ పేర్లు రాకుండా ఉండడానికే కావచ్చు. అయితే దొంగ పేర్ల భయం ఎవరి దగ్గర గుర్తొస్తుంది, ఎవరి దగ్గర రాదు అన్నదాంట్లోనే ఊళ్లో ఎవరి మాటకు ఎంత విలువో బయటపడుతుంది.

అందరికీ ఇస్తే అవమానం ఉండదనే వాదన ఒకటి ఉంది. పూర్తిగా నిజం కాదు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. కోటీశ్వరురాలైనా కూలి మనిషైనా ఆధార్ చూపిస్తే చాలు, జీరో టికెట్. ఇంతకంటే అందరిదైన పథకం ఉండదు. అయినా ఫ్రీగా ఎక్కినోళ్లకు సీటెందుకు అనే వెటకారం మొదటి నెల నుంచే మొదలైంది. సీట్ల కోసం కొట్లాటల వీడియోలు ఫోన్లలో తిరిగాయి. కారణం, డబ్బు కట్టిన మనిషి, కట్టని మనిషి ఒకే రాడ్డు పట్టుకుని ఎదురెదురుగా నిలబడడం. రైతుబంధు డబ్బు మొదటి విడత చెక్కుల తర్వాత ఎవరికీ కనబడకుండా ఖాతాలో పడింది, కనుక సీటెందుకు అని అడిగే మొనగాడు దానికి దొరకలేదు. బస్సులోనూ రోజులు గడిచేకొద్దీ ఆ మాట పలచబడింది. మేడారం జాతరకు అత్తాకోడళ్లు ఎవర్నీ డబ్బులు అడగకుండా బయల్దేరి పోవడం అలవాటయ్యాక, మగవాళ్ల వెటకారానికి ఇంట్లోనే జవాబు దొరుకుతోంది.

చిన్నతనంగా ఉన్నదాన్ని గర్వంగా మార్చిన ఉదాహరణ ఏదైనా ఉందా అంటే సాంఘిక సంక్షేమ గురుకులాలే. గురుకుల చదువుకు ఇక్కడ పాత చరిత్ర ఉంది. వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టిన పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో సర్వేల్‌లో మొదటిది పెట్టారు. కానీ హాస్టల్ పిల్లలు అంటే నీళ్ల చారు, పురుగుల అన్నం, గజ్జి అన్న ముద్ర చాలాకాలం పోలేదు. 2012 తర్వాత ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ కార్యదర్శిగా ఉన్నప్పుడు పిల్లలకు స్వేరోలు అని పేరు పెట్టి, గుర్రపు స్వారీ, పర్వతారోహణ, ఇంగ్లిష్ ఉపన్యాసాలు అలవాటు చేశారు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి గిరిజన కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది, పదమూడేళ్ల వయసులో. ఆ ఫొటో తర్వాత హాస్టల్ సీటు కోసం పైరవీలు మొదలయ్యాయి. 2015 జనవరి నుంచి హాస్టళ్లలో, బడుల్లో సన్న బియ్యం పెట్టారు, రేషన్ దుకాణాలకు పదేళ్ల ముందే. అయితే ఈ గౌరవం ఒకసారి వస్తే నిలిచిపోయేది కాదు. ఎక్కడైనా పిల్లలు కలుషిత ఆహారం తిని ఆస్పత్రి పాలైతే, ఆ వారంలోనే పెట్టె సర్దుకుని పిల్లను తీసుకుపోయే తండ్రికి పాత ముద్రే గుర్తొస్తుంది.

ఇక ఇల్లు. రెండు పడక గదుల ఇళ్లు కట్టిస్తామన్నప్పుడు కేసీఆర్ సభల్లో చెప్పిన వాదన సిమెంటు గురించి కాదు, బిడ్డ, అల్లుడు వస్తే ఎక్కడ పడుకుంటారన్నది. ఆ మాట తగిలినంతగా చదరపు అడుగుల లెక్క ఎవరికీ తగల్లేదు. ఆ ఇళ్లు అందరికీ రాలేదు, చాలా చోట్ల కట్టినవి కూడా తాళాలు వేసి ఉండిపోయాయి. తర్వాత వచ్చిన ఇందిరమ్మ ఇళ్లలో సొంత జాగలోనే కట్టుకోవచ్చు. 5 లక్షలు విడతల వారీగా వస్తాయి, ఇల్లు ఇల్లాలి పేరు మీద. సొంత జాగ, సొంత మేస్త్రీ, గడప ఎటు పెట్టాలో సొంత నిర్ణయం కాబట్టి కాలనీ ఇంటి కన్నా దీనికే మర్యాద ఎక్కువ. కొలత మాత్రం 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. కొడుకు పెళ్లికుందని ఇంకో గదికి పునాది తీస్తే బిల్లు ఆగుతుంది. పెద్దగా మొదలుపెట్టి అప్పుల్లో పడతారని, ఇల్లు సగంలో ఆగిపోతుందని అధికారులు చెప్పే కారణం కొట్టిపారేసేది కాదు, 2006 నాటి ఇందిరమ్మ ఇళ్లలో మొండిగోడలుగా మిగిలినవి ఊరూరా ఉన్నాయి. అయినా పేదవాడి ఇంటికి 600 అడుగుల గీత గీసినవాళ్లు, పట్టాదారుకు ఎకరాల లెక్కన డబ్బిచ్చేటప్పుడు ఇంతకు మించొద్దని ఏ ఎకరం దగ్గరా గీత గీయలేదు.